తడి బరువు

కెరిచో కొండవాలులో, తేయాకు కొనే మా షెడ్డులో
రేకుల కప్పుకి కాటా వేలాడుతుంటుంది.
దాని ముల్లు నా వైపుకి తిరిగి ఉంటుంది.
అవతల ఆడవాళ్లు గోనెసంచులు మోసుకుని
బురదలో వరస కడతారు.

పద్దెనిమిది తూగితే పదహారు రాస్తాను.
"తడి" అంటాను, అంతే.
తడిని కాదనేదెవరు?
మధ్యాహ్నం మూడు కొట్టేసరికి
డ్యూటీ ఉన్నట్టే వచ్చేస్తుంది మా వాన.

కోసిన కిలోలు
నా భార్య రైతు నంబరు కింద చేరతాయి.
అవే మా ఇంటికి ఇనప తలుపయ్యాయి,
చిన్నదాని స్కూలు బూట్లయ్యాయి,
ఒక ఏడు పంట బాగా పండి, గుడికి గంట కూడా అయ్యాయి.
గంట మీద నా పేరు చెక్కారు.

ఆదివారం నేను సంఘపెద్ద ఎలైజా చెరుయోట్‌ని.
నేను ప్రార్థనకి లేస్తే
వెనక బెంచీలో ఏడ్చే పసివాడు కూడా ఊరుకుంటాడట.
"పాపులమయ్యా, పిడికెడు ధూళిమయ్యా" అంటాను.
వణకాల్సిన చోట వణుకుతుంది గొంతు.
పాపులం అనడం ఎంత తేలిక!
ఆ 'లం'లో ఊరంతా పడుతుంది,
నేను మాత్రం సందు చూసుకుని జారుకుంటాను.

మొన్న బుధవారం లారీ దిగబడి రాలేదు.
సంచులకి కాపలాగా ఒక్కణ్నే ఉండిపోయాను.
అలవాటు కొద్దీ కళ్లు మూసుకుని మొదలెట్టాను,
అదే ఆదివారపు గొంతుతో.
రేకులకి తగిలి నా మాట నాకే తిరిగొచ్చింది.
వినేవాడు లేని చోట ఎంత ముస్తాబు దానికి!
సిగ్గేసింది.
ఊరందరి ఆకులో తడి వెతికేవాణ్ని,
ముప్పై ఏళ్లుగా దేవుడి కొక్కేనికి
నేను తగిలించింది తడి ఆకే.
పిండితే చేతిలో ఏమీ మిగలదు.
ఆయన ఒక్క కిలో కూడా కోయలేదు.
అసలు పుస్తకంలో ఎక్కించాడో లేదో.

చాలాసేపు నోరు పెగల్లేదు.
తర్వాత ఇంత మాత్రం వచ్చింది:
"రెండు కిలోలు. తాప్‌లెలేయ్ ముసలమ్మవి. సోమవారం."
ఆమేన్ అనడం మర్చిపోయాను.
ఆగి, ఇంకొకటి చెప్పాను. ఇంకొకటి.
తెల్లారేదాకా పేర్లు అయిపోలేదు.

పొద్దున్నే ఆమె గుమ్మం ముందు నిలబడ్డాను.
చెప్పాను. మోకాళ్లు చేతుల్లా వణికాయి.
ఆమె పొయ్యి ఊదుతూ తల ఎత్తలేదు.
"తెలుసు" అంది,
"అందుకేగా సంచి అడుగున ఆకు మీద నీళ్లు చల్లేదాన్ని.
నువ్వు రెండు కోస్తే నేను మూడు తడిపేదాన్ని."
పొగకి దగ్గింది. నవ్విందేమో కూడా.
"డబ్బు ఎటూ ఇస్తావుగా, ఇవ్వు.
కానీ ఆ మూడో కిలో సంగతి కూడా ఆయనకి చెప్పి పెట్టు.
నాకు నీలా ప్రార్థన చెయ్యడం రాదు."

నా భార్య రెండు రోజులు మాట్లాడలేదు.
మేనేజరుకి ఇంకా చెప్పలేదు.
చెప్తాను అని రాయబోయాను, కొట్టేశాను.
అది కూడా తడేనేమో, ముందు చెప్పనీ.

ఆదివారం గంట మోగింది, నా పేరుతో సహా.
పాస్టరు నా వైపు చూసి తల ఊపాడు.
లేచాను.
అంతమంది కళ్లు మూసుకున్నారు.
నా నోటికి ఒక్క పెద్ద మాట కూడా అందలేదు.
రేకుల మీద వాన మొదలైంది.
వెనక బెంచీలో పసివాడు ఏడుస్తూనే ఉన్నాడు,
ఈసారి ఎవరూ ఊరుకోబెట్టలేదు.
మూడో వరసలో తాప్‌లెలేయ్
ఒక కన్ను తెరిచి
ముల్లు చూసినట్టు నన్నే చూస్తోంది.

"ప్రభువా," అన్నాను,
"నేను."

అక్కడే చాలాసేపు నిలబడిపోయాను.